పిన్ని కెమెరా కొనుక్కుంది

మా పిన్ని ఉద్యోగమంతా ఊళ్లోవాళ్ల ముఖాలు సరిదిద్దడంతోనే గడిచిపోయింది. ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేసేది. నలుపు తెలుపు ఫొటోల రోజుల్లో నెగెటివ్‌ను వెనకనుంచి వెలుతురు పడే గాజుబల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు పెడుతూ మొటిమల మచ్చలూ కళ్ల కింద నీడలూ మాయం చేసేవారు. పెళ్లికూతురి బుగ్గ నున్నగా రావాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడు కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయినవాడిలా కనబడాలన్నా పిన్ని చెయ్యి పడాల్సిందే.

ఫొటో తీసే క్షణంలో రెప్ప వాల్చేసినవాళ్లకు ప్రింటు మీద సన్నటి కుంచెతో కళ్లు కూడా గీసేది. ఒకసారి ఒక పెద్దమనిషి తన ఫొటో పట్టుకుని విసురుగా తిరిగొచ్చాడు.

"ఏమ్మా, ఈ కళ్లు నావి కావు."

"మరెవరివండీ?"

"అచ్చం మా బావమరిదివి. వాడికీ నాకూ మాటల్లేవు. ముందు మార్చిపెట్టు."

పిన్ని ఆయన్ని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, మధ్యమధ్యలో తలెత్తి ఆయన కళ్లలోకి చూస్తూ మళ్లీ గీసింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా, "రెండోసారి ఇంకా బావమరిదిలా వచ్చాయే. కానీ ఈసారి ఆయనకి నచ్చాయి!" అని పడీపడీ నవ్వేది.

స్టూడియో యజమానిని అందరూ మాస్టారు అనేవాళ్లు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదాయన. ఎంత గొప్పవాడైనా ఆయన ముందు స్టూలు మీద కూర్చున్నాక, "గడ్డం కిందికి. భుజం ఇటు. ఊఁ, కదలొద్దు," అంటే కిక్కురుమనకుండా వినేవాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పిన్నికి పని నేర్పింది ఆయనే. జీతం ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు. కెమెరా దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. పిన్నినే కాదు, సొంత తమ్ముణ్ని కూడా రానివ్వలేదు. పని కాగానే దానికి నల్లగుడ్డ కప్పి, "చేతికి పెన్సిలు పొడి ఉంటుందమ్మాయ్, కాస్త దూరంగా ఉండు," అనేవారు.

పిన్ని దాన్ని మనసులో పెట్టుకోలేదు. కానీ చాలా ఏళ్ల తర్వాత ఒక మాట అంది. "లోపల ఫొటో తీసే గదిలో ఎవరో పిల్ల కిలకిలా నవ్వేది. ఆ నవ్వు మాస్టారికి కనబడేది. నా బల్ల మీదికి వచ్చేసరికి అది నెగెటివ్ అయిపోయేది. ముఖం నల్లగా, పళ్లు ఇంకా నల్లగా. ఇన్నేళ్లూ నవ్వులన్నీ అలాగే చూశాను."

రంగుల ఫొటోలు వచ్చి పెన్సిలు పని పోయింది. పిన్ని ప్రింట్లు కత్తిరించి కవర్లలో పెట్టే పనికి మారింది. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి ఆ పనీ పోయింది. స్టూడియో మూసేసిన రోజు మాస్టారు, ఆయన తమ్ముడు, పిన్ని కలిసి గోడకున్న పెద్ద తెర చుట్టారు. చెరువూ మెట్లూ బాతులూ గీసిన తెర. చుడుతుంటే రంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. సగం చుట్టాక మాస్టారు, "ఇంకెందుకులే," అని వదిలేశారు.

కొన్నాళ్లు పిన్ని ఇంట్లో ఊరికే కూర్చుంది. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి బాబాయి టీ తాగుతున్నాడు. బాబాయి బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుళ్ల మధ్య పనిచేసీ చేసీ ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు.

"మీ పిన్ని కెమెరా కొంటుందట, విన్నావా?" అన్నాడు నన్ను చూడగానే. "చేతిలో ఫోన్ ఉందిగా, అందులో తియ్యవోయ్ అంటే వినదు."

"ఫోన్ని చేతులు చాపి దూరంగా పట్టుకోవాలండీ," అంది పిన్ని. "నాకు కన్ను ఆనించి చూడాలనుంది."

"దాని కోసం అంత ఖర్చా?"

"మీరు రెండేళ్లకోసారి మీ బండికి కొత్త సైలెన్సరు వేయిస్తే నేనేమైనా అన్నానా?"

బాబాయి టీ మీద దృష్టి పెట్టాడు.

స్టూడియో మూసేటప్పుడు మాస్టారు ఇచ్చిన సొమ్ములో కొంత పక్కన పెట్టుకుంది పిన్ని. అంతకు మించి పైసా పెట్టకూడదని ఆమె పట్టుదల. కావలసింది లోపల అద్దం ఉండి, కన్ను పెట్టి చూసే డిజిటల్ ఎస్సెల్లార్. నాకు సెలవున్న రోజు చూసి వెంటబెట్టుకుని వెళ్లింది. దుకాణాల్లో కుర్రాళ్లు మాట్లాడే ఇంగ్లిషు తనకు సగమే తెలుస్తుందని నన్ను తోడు తీసుకెళ్లింది. నాకూ సగమే తెలుసన్న సంగతి ఆమెకు చెప్పలేదు.

మొదటిది అద్దాల తలుపుల పెద్ద దుకాణం. టై కట్టుకున్న అమ్మకందారు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అమ్మాయి కోసమా మేడమ్?"

"నా కోసమే."

అతని నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. ఇన్ని మెగాపిక్సెల్స్ అన్నాడు, అన్ని ఫోకస్ పాయింట్లు అన్నాడు, సెకనుకు ఇన్ని ఫొటోలు పడతాయన్నాడు. "సెకనులో అన్ని ఎందుకు బాబూ, మనిషి ఒక్కడేగా?" అంది పిన్ని. ఒక కెమెరా చేతికిచ్చాడు. దాని బరువుకు ఆమె మణికట్టు కిందికి వాలింది. మర్యాదగా తిరిగిచ్చేసింది.

బయటకొస్తుంటే మా వీధిలో ఉండే పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు ఎదురయ్యాడు. సంగతి వినగానే సలహా ఇచ్చేశాడు. "కొంటే పెద్దదే కొనండక్కా. చేతిలో పెద్దది ఉంటేనే జనం పిలుస్తారు."

"నన్నెవరూ పిలవక్కర్లేదు తమ్ముడూ. నేనే వాళ్లని పిలుస్తాను, రా కూర్చో అని."

చివరికి రైలు స్టేషన్ వెనక సందులో కెమెరాలు బాగుచేసి, వాడినవి అమ్మే ఒక చిన్న కొట్టుకు చేరాం. కొట్టాయన్ని ఆ సందులో అందరూ కెమెరా డాక్టరు అంటారు. నుదుటి మీద భూతద్దం కట్టుకుని, గింజంత స్క్రూ బిగిస్తూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఏం తీస్తారమ్మా?"

ఆ రోజు మొత్తంలో ఆ ప్రశ్న అడిగింది అతనొక్కడే.

"మనుషుల్ని," అంది పిన్ని.

"బయటా, ఇంట్లోనా?"

"ఇంట్లోనే ఎక్కువ. కిటికీ దగ్గర."

అతను భూతద్దం పైకి నెట్టి, రెండు కెమెరాలు తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి పాతదే అయినా ఒకప్పుడు పేపరువాళ్లు వాడిన గట్టి రకం. రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన చిన్నది. ఇంకా మంచి మోడల్ రావడంతో ఎవరో కొద్దిగా వాడి మార్చేసుకున్నారట.

"చూడ్డానికి పెద్దది బావుంటుంది. కానీ అది చాలా తిరిగింది, బరువు కూడా. మొదటి కెమెరా బరువైతే బీరువాలోనే ఉంటుందమ్మా. చిన్నది తీసుకుంటే మీ డబ్బులో కాస్త మిగులుతుంది. దాంతో ఈ లెన్స్ తీసుకోండి." పొట్టిగా డబ్బీలా ఉన్న లెన్స్ ఒకటి చూపించాడు. "కిటికీ వెలుతురు దీనికి చాలు. జూమ్ మాత్రం ఉండదు. మనిషి దగ్గరగా కావాలంటే మీరే నడవాలి."

"నడుస్తాను. కాళ్లకి ఖర్చేముంది."

పిన్ని చిన్నదాన్ని చేతిలోకి తీసుకుంది. వేళ్లు దాని చుట్టూ సరిగ్గా అమరాయి. కన్ను ఆనించింది. ఎంతసేపటికీ కన్ను తియ్యదు! కొట్టు ముందు టీ బండి, సైకిలు తుడుచుకుంటున్న మనిషి, ఆరేసిన దుప్పట్లు, అన్నిటినీ అలా చూస్తూ నిలబడింది. "పిన్నీ, నొక్కు," అన్నాను. "ఉండవే," అంది.

డాక్టరు ఆమెను వీధిలోకి పంపి కావలసినన్ని తీసుకోమన్నాడు. తిరిగొచ్చి చూస్తే అన్నీ తెల్లకాగితాల్లా ఉన్నాయి. పిన్ని ముఖం చిన్నబోయింది.

"చూశారా, ఇది మనవల్ల అయ్యే పని కాదు."

"తప్పు నాదమ్మా. లోపల పరీక్ష చేసుకుంటూ నేను పెట్టిన సెట్టింగు అలాగే వదిలేశాను. ఎండలోకి వెళ్తే తెల్లబోక ఏమవుతుంది?" అంటూ పైనున్న చక్రం తిప్పి ఇచ్చాడు. ఈసారి ఫొటోలో సైకిలు మనిషి వచ్చాడు. కాస్త వంకరగా, కానీ ముక్కూ ముఖంతో వచ్చాడు. పిన్ని బేరం కూడా ఆడకుండా చిన్నదీ లెన్సూ తీసేసుకుంది.

కొన్నంత సులువుగా విద్య రాలేదు. ఆ నెలంతా ఆమె తీసినవి గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెనక గోడ అద్దంలా తేటగా ఉండేది, ముందున్న మనిషి మసక. బాబాయిని తీస్తే మెడ దాకానే వచ్చేవాడు.

"ఏమోయ్, నా తల ఏది?"

"తర్వాత దాంట్లో ఉందండీ."

తర్వాతిదాంట్లో తల ఉంది, అది కదిలిపోయింది. లక్షల ముఖాలు చూసిన మనిషి, మంచి ఫొటో ఏదో ఒక్క చూపులో చెప్పగల మనిషి, తన ఫొటోలు చూసుకుని నీరుగారిపోయేది. "ఏది బాగోలేదో తెలుస్తోందే. బాగు చెయ్యడమే చేతకావడం లేదు," అంది ఒకరోజు. కెమెరాను సంచిలో పెట్టి జిప్పు లాగేసింది. ఆ సంచి తెరవకుండా చాలా రోజులు గడిచిపోయాయి.

చివరికి ఆమెను కదిలించింది బాబాయే. "మీ మాస్టారు బతికే ఉన్నాడు కదా? వెళ్లి అడగొచ్చుగా. ఇంజను మొరాయిస్తే మేం పెద్ద మెకానిక్కుని పిలుస్తాం, సిగ్గుపడతామా?"

ఒక ఆదివారం ఉదయం ముగ్గురం వెళ్లాం. మాస్టారు చిక్కిపోయారు. కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. పిన్ని సంచిలోంచి కెమెరా తీసి, అడిగీ అడక్కముందే ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ప్లాస్టిక్," అన్నారు.

"అవును మాస్టారూ."

కన్ను ఆనించబోయారు. చేతి వణుకుకి కెమెరా కళ్లద్దాలకి తగిలి టకటకమంది. రెండుసార్లు ప్రయత్నించి దించేశారు. అప్పుడాయన దాన్ని పిన్ని వైపు చాపారు.

"పట్టుకో, చూస్తాను."

పిన్ని పట్టుకుంది.

"అదేం పట్టుకోవడం? గిన్నె దించుతున్నావా? ఎడమచెయ్యి లెన్స్ కింద పెట్టు. మోచేతులు ఒంటికి ఆనించు. ఊపిరి బిగపట్టకు, సగం వదిలి అప్పుడు నొక్కు. కంటి మీద పెట్టు ఫోకస్. కన్ను బాగుంటే మనిషి బాగున్నట్టే."

"ఎవరిని తియ్యమంటారు?"

ఆయన చుట్టూ చూశారు. బాబాయి వెంటనే జుట్టు సర్దుకున్నాడు. కానీ మాస్టారు కుర్చీని కిటికీ వైపు లాక్కుని తానే కూర్చున్నారు.

అంతమందిని కూర్చోబెట్టిన మనిషికి తను ఎలా కూర్చోవాలో తెలియలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టారు. లోపలినుంచి ఆయన భార్య తొంగిచూసి, "మా పెళ్లప్పుడు కూడా ఈయన ఫొటో లేదు. కెమెరా వెనకే ఉన్నారు," అంది.

"గడ్డం కాస్త పైకి మాస్టారూ," అంది పిన్ని. "ఇంకొంచెం. ఊఁ, కదలొద్దు."

మాస్టారు కిక్కురుమనకుండా విన్నారు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నారు. టక్‌మని అద్దం లేచి పడింది. "మళ్లీ తియ్యి, ఊపిరి బిగపట్టావు," అని ఆయన కసురుకుంటుండగానే పిన్ని మరొకటి తీసింది. కసురుతున్న నోరూ, కిటికీ వెలుతురులో మెరిసే కళ్లూ, చేతిని పట్టుకున్న చెయ్యీ అన్నీ పడ్డాయి.

కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూపిస్తే ఆయన కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా వంగారు.

"మచ్చలన్నీ ఉన్నాయే," అన్నారు.

"కంప్యూటర్లో తీసేయొచ్చు మాస్టారూ. తీసెయ్యమంటారా?"

"వద్దు. ఉండనీ." మళ్లీ తెరకేసి చూసి, "చెయ్యి కదలకుండా వచ్చింది," అన్నారు. పిన్ని చేతి గురించో, తన చేతి గురించో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పిన్ని అక్కడికి వెళ్లేది. ఆయన ఉన్నన్నాళ్లూ తిట్లు తింటూనే నేర్చుకుంది. మా బంధువుల్లో ఆమె ఫొటో తియ్యనివాళ్లు లేరు. డిపోలో మెకానిక్కులను, కండక్టర్లను, ఊడ్చే ఆమెను, అందరినీ రేకుల షెడ్డు కిటికీ దగ్గర కూర్చోబెట్టి తీసింది. అవన్నీ చిన్న ప్రింట్లు వేయించి ఎవరివి వాళ్లకే ఇచ్చేసింది. బాబాయి సంచి మోసేవాడు. "లెన్స్ మార్చేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకూడదండీ, దుమ్ము పడుద్ది," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఈమధ్య పిన్నికి కంట్లో శుక్లం తీయించాం. కట్టు విప్పిన ఉదయం నేనూ బాబాయీ పక్కనే ఉన్నాం. ఎదురుగా ఆసుపత్రి గోడ, కిటికీలోంచి ఆకాశం, మంచం మీద దుప్పటి, అన్నిటినీ తేరిపార చూసింది. తర్వాత నా వైపు తిరిగి, రంగుల ప్రింట్లు పరీక్షించేటప్పుడు మాట్లాడే గొంతుతో అంది.

"ఇన్నేళ్లుగా నా కంట్లో అన్నిటికీ పసుపు ఎక్కువ పడిందే! ఎవ్వరూ చెప్పలేదేం?"

బాబాయి అప్పటికే కెమెరా సంచి జిప్పు తీస్తున్నాడు.