పసుపు అంటని గోడ

ఒక్కొక్కరు దేవుణ్ణి ఒక్కొక్కటి అడుగుతారు. ఆ వేసవిలో నేను పసుపు అంటని గోడ కావాలని అడిగాను. పెద్ద కోరికేం కాదు, వింటాడులే అనుకున్నాను. విన్నాడు. అక్షరం పొల్లుపోకుండా విన్నాడు.

అప్పటిదాకా మా వంటింటికి డిస్టెంపర్ రంగు ఉండేది. పొయ్యి గట్టు వెనక గోడ చూస్తే మా సంసారమంతా కనబడేది. తాలింపు చిటపటలు, పులుసు పొంగిన జాడలు, మాగాయ జాడీ కదిపినప్పుడల్లా చిందిన నూనె. తడిగుడ్డ పెట్టి రుద్దితే మరక కదిలేది కాదు గానీ రంగు మాత్రం గుడ్డకి వచ్చేసేది. "అలా తుడవకు, ఇంకో నాలుగేళ్ళలో పక్కింటివాళ్ళు కనబడతారు" అనేవారు మా వారు. అలాంటి గోడ కూడా ఇంతకాలం నిలబడి మాకు అన్నం వండి పెట్టుకోనిచ్చింది. ఆ కృతజ్ఞత నాకుంది. కానీ కృతజ్ఞతతో జిడ్డు పోదు.

ఆ గోడకే ఎడమ చివర జానెడు చోటు మా ఇంటి పేరంటాలిది. ఏ తరంలోనో ముత్తైదువగా కన్నుమూసిన ఇంటి కోడలు ఆవిడ. పేరు ఎవరికీ తెలియదు. ఏటా శ్రావణమాసం మొదటి శుక్రవారం ఆ చోట పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, కొత్త చీర చూపించి, పాయసం నైవేద్యం పెడతాం. పాత పసుపు మీదే కొత్త పసుపు. అలా పొర మీద పొర పడి, పొగ పట్టి, ఆ చోటు ముదురు గోధుమరంగుకి తిరిగింది. ఈ పని మా అత్తగారిది. ఆవిడకి ఆవిడ అత్తగారు అప్పగించారు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని ఆ ఏడాది ఉగాదినాడే చెప్పారు: "ఈ శ్రావణానికి నీ చేతికిస్తానమ్మా. నేను ఉండగానే నీ చెయ్యి ఆవిడకి అలవాటవ్వాలి."

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ నాకు ఇస్తానన్నవాటిలో అంత పెద్దది లేదు. ఆ సంతోషంలోనే, పేరంటాలికి శుభ్రమైన వంటిల్లు ఉండాలని నాకు తోచింది. నా సంగతి నాకు తెలుసు. ఆవిడ పేరు చెప్పి నా గోడ బాగుచేసుకోవాలని కూడా తోచింది.

అమలాపురం వెళ్ళాం. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన నాలుగు అక్షరాలే నా చదువు. అందుకని అక్షరం కనబడితే చివరిదాకా చదవకుండా వదలను. కొట్లో రంగు డబ్బాలన్నీ తిప్పి తిప్పి చదువుతూ ఉంటే మా వారు వెళ్ళి బయట నిలబడ్డారు.

"ఎంత తుడిచినా పోని రంగు కావాలండీ, మరక మాత్రం పోవాలి" అన్నాను.

"ఇప్పుడన్నీ వాషబులేనండి, అమ్మగారూ" అన్నాడు కొట్టాయన.

"అన్నీ ఒకటే అయితే ఇన్ని రకాలెందుకండీ?"

ఆయన లోపల్నించి మూడు రకాల రంగులు వేసిన అట్టముక్కలు తెచ్చాడు. నేను సంచిలోంచి డబ్బీ తీశాను. అందులో నూనెలో కలిపిన పసుపు. ఇంటి దగ్గరే కలిపి తెచ్చుకున్నాను.

"టీ ఒలకబోసి చూసుకున్నోళ్ళున్నారండి. పసుపు క్యారేజీ కట్టుకొచ్చినోళ్ళని ఇదే చూడ్డం" అన్నాడాయన.

మూడింటికీ రాసి, పావుగంట ఆగి తుడిచాం. మొదటి అట్ట పెళ్ళికూతురిలా పచ్చగా మిగిలింది. రెండోది కొంచెం సిగ్గుపడింది. మూడోది కాస్త మెరుపున్న రకం. ఒక్క తుడుపుకి అసలేం జరగనట్టు తెల్లబోయి చూసింది. మనసులోనే దణ్ణం పెట్టుకుని అదే తీసుకున్నాను, గంధం రంగులో. రంగు వేసే ముందు గోడ పూర్తిగా ఆరి ఉండాలని డబ్బా మీద రాసుంది. తవ్వితే నీళ్ళు పడే మా నేలలో గోడ పూర్తిగా ఆరేది రోహిణి కార్తెలోనే. ఆ ఎండల్లోనే మేస్త్రీని పిలిచాం.

మేస్త్రీ గోడంతా గీకి, పుట్టీ పెడుతూ, ఎడమ చివర ఆగాడు. "ఈ చోటు ఏం చెయ్యమంటారండి?"

మా అత్తగారిని అడిగాను. "నీ ఇష్టమమ్మా" అన్నారు.

మా ఇంట్లో "నీ ఇష్టం" అంటే వద్దని అర్థం. అది తెలియనంత కొత్త కోడల్ని కాను. కానీ అవసరానికి తెలియనట్టు ఉండడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. గోడ ముందు నిలబడి, "తల్లీ, నీకు కొత్త చోటు ఇస్తున్నాను, అనుమతించు" అని పేరంటాలికి చెప్పుకున్నాను. ఆవిడ కాదనలేదు. పాపం, ఆవిడ ఎప్పుడూ ఏదీ కాదనలేదు కాబట్టే కదా పేరంటాలైంది. మేస్త్రీ ఆ చోటూ గీకి, మిగతా గోడతో పాటు దానికీ రంగు వేసేశాడు.

రెండు నెలలు నా అంత సుఖపడ్డ మనిషి లేదు. చేపల పులుసు చిందినా, అప్పడాల నూనె ఎగిరినా, ఒక్క గుడ్డ ముక్కతో గోడ మళ్ళీ గంధంలా అయ్యేది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ రంగు కనిపెట్టిన మనిషెవరో చల్లగా ఉండాలని కూడా అనుకునేదాన్ని.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం తెల్లారి నుంచీ ముసురు. తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, పసుపు ముద్ద కలిపాను. మా అత్తగారు ముక్కాలి పీట మీద కూర్చుని చోటు చూపించారు. జానెడు మేర మెత్తి, చెయ్యి తీశాను.

పసుపు ఒక్క క్షణం నిలబడింది. తర్వాత మెల్లగా, తొందరేమీ లేనట్టు కిందకి జారి, గట్టు మీద ముద్దగా కూర్చుంది. గోడ మీద చిన్న చార కూడా లేదు. కొట్లో మూడో అట్ట ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా ఉంది.

ఇంకోసారి గట్టిగా కలిపి మెత్తాను. మళ్ళీ జారింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, మా అత్తగారు గోడ వైపు చూడడం లేదు. నా చేతి వైపు చూస్తున్నారు.

"రంగు మహిమండీ, అత్తయ్యగారూ. నేనే ఏరికోరి తెచ్చింది" అన్నాను.

"రంగేలేమ్మా" అన్నారు. అన్న తీరులో రంగు లేదు. నా చెయ్యి పేరంటాలికి పట్టలేదన్న భయం ఉంది. నిజం చెప్పొద్దూ, ఆ మాట అత్తగారు అనకపోయినా నాకూ అదే అనుమానం వచ్చింది. రంగు గురించి అంత చదివినదాన్ని, నా చెయ్యి గురించి ఎక్కడ చదువుకోను?

ఆవిడ ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద ఆన్చి పీట మీంచి లేచి, తనే పసుపు తీసుకుని మెత్తారు. యాభై ఏళ్ళు మెత్తిన చెయ్యి. అదీ జారింది.

మా అత్తగారు తన చెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత ఆవిడ, "అయితే నీ చెయ్యి కాదన్నమాట" అన్నారు. మొహం మాత్రం ఇంకా తేరుకోలేదు. "ఆవిడకి మన ఇంట్లో చోటు లేకుండా చేసేం."

మేస్త్రీకి ఫోను చేశాను. వానలో గొడుగేసుకుని వచ్చి, గోడ చూసి, గట్టు మీద పసుపు చూసి, వెలిగిపోతున్న మొహంతో నవ్వాడు.

"చూసేరా అమ్మగారండి, పని ఎలా ఉందో. అంటుకుందని పిలిచినోళ్ళే గానీ, అంటుకోలేదని పిలిచినోళ్ళు మీరేనండి."

"పొగుడుకున్నది చాలు గానీ, ఆ జానెడూ తీసెయ్యి నాయనా" అన్నారు మా అత్తగారు.

"ఆయ్. కానీ గోకితే ఈ రంగుకిచ్చిన గ్యారంటీ పోద్దండి."

"యాభై ఏళ్ళ నుంచి నాకు ఆవిడిచ్చిన గ్యారంటీ పోతోందయ్యా, నీదో లెక్కా?"

గరుకు కాగితం పెట్టి రుద్దాడు. గంధం రంగు పోయింది, తెల్ల పుట్టీ పోయింది, దాని కింద సిమెంటు బయటపడింది. సిమెంటులోకి ఇంకిపోయిన పాత పసుపు లేతగా, మొండిగా అక్కడే ఉంది. నేను అమలాపురం దాకా వెళ్ళి వదిలించుకున్నాననుకున్నది రెండు నెలలుగా లోపలే ఉందన్నమాట. మా అత్తగారు వేలితో తాకి, ఆ వేలు కళ్ళకద్దుకున్నారు. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మేస్త్రీ వెళ్ళాక పసుపు గిన్నె నాకే అందించారు. "కింద నుంచి పైకి రాయి. అదుముతూ రాయి, అప్పడానికి నూనె రాస్తున్నట్టు కాదు."

రాశాను. నిలబడింది. అయినా ఇద్దరికీ నమ్మకం కుదరక, ఆరేదాకా అక్కడే కూర్చున్నాం. ఈలోపు పాయసం అడుగంటింది. పేరంటాలికి ఆ ఏడు మాడు వాసన పాయసమే. కాదనలేదు.

మరుసటి శ్రావణానికి మా అత్తగారు వంటింట్లోకి రాలేదు. హాల్లో కుర్చీలో కూర్చుని టీవీలో హారతి చూస్తున్నారు. నేను ఒక్కదాన్నే మెత్తి, బొట్లు పెట్టి, చీర చూపించాను. పసుపు కదలలేదు.

"నిలిచిందా?" అని అక్కణ్ణించే అడిగారు.

"నిలిచిందండీ."

వచ్చి చూస్తారేమోనని పక్కకి తప్పుకున్నాను. రాలేదు.

"అయితే పాయసం మాడకుండా చూసుకో" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.