లాయరు మునిచంద్ర శాలువా సంచి

లాయరు మునిచంద్రకు బీడీ లేదు, పేకాట లేదు, సినిమా పిచ్చి అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. కొన్న వస్తువు మోసం చేసిందని ఎవరైనా "కేసేస్తా" అన్నారంటే చాలు, అక్కడికక్కడే శాలువా కప్పేస్తాడు. ఆ శాలువాల సంచి మోసే ఖర్మ గుమాస్తా గురప్పది. కప్పగానే చప్పట్లు కొట్టే ఖర్మ కూడా అతనిదే. తిరుపతి ఎండలో, పదిమందీ వెనక్కి తిరిగి చూస్తుండగా, ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టడమంటే ఏమిటో గురప్పను అడగాలి.

"గెలిచినాక కప్పొచ్చు గదా సామీ? కేసు ఇంకా వెయ్యనే లేదే!" అని అతను మొత్తుకునేవాడు.

"గెలిచినాక కప్పేదానికి ఊరంతా వస్తాది గురప్పా. చలేసేటప్పుడు కప్పితేనే గదా అది శాలువా!"

"మన తిరపతిలో చలి యాడుండాది సామీ?"

చలి ఉన్నా లేకపోయినా సంచి మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేది. శాలువాల అంగడివాడు ఇన్నేసి కొంటున్నాడంటే ఈయన ఎలక్షన్లో నిలబడుతున్నాడని తేల్చుకుని, "మా ఇంట్లో ఓట్లన్నీ మీకే సార్" అని మాటిచ్చాడు కూడా.

రేణిగుంటలో ఒక పెళ్ళి విందులో అయితే గురప్ప పరువు పూర్తిగా పోయింది. పక్క ఆకు ముందు కూర్చున్నాయన సాంబారు పులిసిందని, "ఈ వంటోడి మీద కేసెయ్యాలప్పా" అన్నాడు. ఊరికే అన్నాడు పాపం. లాయరు చెయ్యి కడుక్కుని, "గురప్పా, సంచీ!" అని కేకేశాడు. శాలువా కప్పించుకున్నాయన పెళ్ళికొడుకు మేనమామ. ఆయనకు కప్పి మాకు కప్పలేదని పెళ్ళికూతురి తరఫువాళ్ళు అలిగారు. వాళ్ళ అలక తీరేసరికి సంచి ఖాళీ అయింది. గురప్ప అరచేతులు మండిపోయాయి.

ఇలా సాగుతుండగా ప్రసన్నకుమారి వచ్చింది. ఆమెది సత్యవేడు. శ్రీ సిటీలో ఒక కంపెనీలో పని. పొద్దున్నే షిఫ్టు బస్సు అందుకోవాలని బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి నీళ్ళు కాచుకుంటుంది. కొన్న వారానికే ఆ రాడ్డు షాకు కొట్టి ఆమెను గోడకేసి విసిరింది. చెయ్యి విరిగింది. కట్టుతోనే వచ్చి, గుడ్డలో చుట్టిన రాడ్డును బల్లమీద పెట్టింది.

"డబ్బుల కోసరం కాదు సార్. మా బస్సులో వచ్చే ఆడోళ్ళంతా ఇదే రాడ్డు కొన్నారు. నాకు చెయ్యితో పోయింది. ఇంకొకరికి పానమే పోతే?"

లాయరు చెయ్యి అప్పుడే సంచిలోకి పోయి శాలువాతో బయటికి వచ్చింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు సార్. కేసు వెయ్యాలనే ఉండాది. మా అత్త ఒప్పుకోల్యా. కోర్టు మెట్లెక్కిన కోడలు మాకొద్దు అంటాంది."

బయటికి తీసిన శాలువా తిరిగి సంచిలోకి పోవడం గురప్ప చూడటం అదే మొదలు. చప్పట్లు తప్పాయని సంతోషించాలి నిజానికి. ఎందుకో మనసొప్పలేదు. లాయరయితే ఆ మధ్యాహ్నం క్యారియరు మూత కూడా తీయలేదు.

ఆదివారం లాయరు సత్యవేడు బయలుదేరాడు. వెంట గురప్ప, సంచి, ఇవి కాక ఒక నాదస్వరం, ఒక డోలు.

"మేళమేల సామీ?"

"నీ చప్పట్లు సాలవు గురప్పా."

వీధిలో డోలు మోగేసరికి ఎవరింట్లో పెళ్ళోనని జనమంతా బయటికి వచ్చారు. ప్రసన్నకుమారి అత్త పోలేరమ్మ చీపురుతో సహా గడప దాటింది.

"ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడంట. మాకేల నాయనా ఆ యవ్వారం? ఈదిలో మేము తలెత్తుకుని తిరగొద్దా?"

లాయరు కోడల్ని దాటుకుని నేరుగా వెళ్ళి, చీపురు పట్టుకున్న పోలేరమ్మ భుజాల చుట్టూ శాలువా కప్పాడు.

"పది మంది ఆడబిడ్డలకు షాకు కొట్టకూడదని కోడల్ని కోర్టుకు పంపిస్తాండే తల్లి! ఇట్లాంటి అత్త జిల్లాలో ఇంకొకామె యాడుండాదో సూపించండి!"

మేళం దంచేసింది. గురప్ప అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు. కొట్టి ఉలిక్కిపడ్డాడు. వీధంతా కొడుతోంది! ఎదురింటి చెంగమ్మ, "మా అత్తకు కూడా రవంత సెప్పండి సామీ, సూసి నేర్సుకుంటాది" అంది.

పోలేరమ్మ వీధిని అటు నుంచి ఇటు చూసింది. చీపురును మెల్లగా వీపు వెనక్కి జరిపింది.

"నేనెప్పుడు వద్దంటిని?" అంది.

కేసు పడింది. వెంటనే రాడ్డు కంపెనీ మనిషి మిఠాయి పెట్టెతో, కొత్త రాడ్డుతో దిగాడు. కోడలిచేత ఒక సంతకం పెట్టిస్తే రాజీ అయిపోతుందన్నాడు.

"శాలువా కప్పించుకున్న మొగం నాయనా ఇది! ఎనక్కి తగ్గి యాడ పెట్టుకునేది? ముందు నువ్వు ఈ రాడ్డుతో నీళ్ళు కాంచుకోని తానం చెయ్, నేను సూస్తా" అంది పోలేరమ్మ. ఆయన స్నానం చేయలేదు. బస్సెక్కాడు.

ఆ తరవాత ప్రతి వాయిదాకూ పోలేరమ్మ తిరుపతి వచ్చింది. నడివేసవిలో కూడా శాలువాతోనే వచ్చింది. ఎట్టకేలకు తీర్పు వచ్చింది. వైద్యం ఖర్చులూ నష్టపరిహారమూ ఇవ్వాలి, అంగళ్ళలో ఉన్న ఆ రాడ్లన్నీ కంపెనీ వెనక్కి తీసుకోవాలి.

కోర్టు బయట ప్రసన్నకుమారి గురప్పతో అంది: "షాకు కొట్టినాక ఈదిలో అంతా నన్నే తప్పుబట్టినారన్నా. తడిచేత్తో ముట్టుకునింటావు, నీదే తప్పన్నారు. మేళం వచ్చిన దినం నుంచి ఎవురూ ఆ మాట అనల్యా."

గురప్ప భుజాన ఉన్న సంచి వైపు చూసుకున్నాడు. లాయరు ఇన్నేళ్ళూ సన్మానాలు చేస్తున్నాడనుకున్నాడు తను. నవ్వే నోళ్ళకు అడ్డంగా గుడ్డ కప్పుతున్నాడని ఇవాళ తెలిసింది. లాయరంటే పొంగుకొచ్చిన ప్రేమను ఎలా చూపాలో తెలియక కసిరాడు.

"సామీ! పోయినేడు మా ఇంట్లో గ్యాసు పొయ్యి అద్దం కొన్న నెలకే పేలింది. మా ఆడమనిషి తిడతానే ఉండాది. నలుగురూ నవ్వుతారని గమ్మునుండిపోయినా."

"ఇప్పుడు?"

"కేసేస్తా!"

అనేసి, భుజాన ఉన్న సంచిలోంచి తనే శాలువా తీసి లాయరుకు అందించి, మెడ వంచాడు. కప్పగానే అలవాటు కొద్దీ రెండు చేతులూ పైకి లేచాయి. లాయరు గబుక్కున వాటిని పట్టుకున్నాడు.

"ఉండప్పా. ఈసారికి అది నా పని."

కోర్టు ఆవరణలో అందరూ తిరిగి చూస్తుండగా, నల్లకోటు లాయరు ఒక్కడే నిలబడి చప్పట్లు కొట్టాడు. పోలేరమ్మకు మాత్రం ఆ ఏర్పాటు బొత్తిగా నచ్చలేదు.

"మేళం ల్యాకుండా ఇదేం సన్మానం నాయనా?" అంది.