నల్లబడిన కాయిల్

మా ఇంట్లోకి కరెంటు పొయ్యి వచ్చిన రోజు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎనభైల నాటి మాట. మా ఆయనకు మణుగూరు వైపు బొగ్గు గనిలో ఉద్యోగం, ఉండడానికి రెండు గదుల క్వార్టర్. పెళ్లయిన దగ్గర్నుంచీ కట్టెల పొగకు కళ్లు నులుముకుంటూ వండినదాన్ని. ఈ హీటర్ చూస్తే గుండ్రటి మట్టి పలక, దాని గాడుల్లో మెలికలు తిరిగిన తీగ, అంతే. స్విచ్ వేస్తే చూస్తుండగానే తీగంతా ఎర్రగా వెలిగేది. పొగ లేదు, ఊదడం లేదు. ఆ రోజు ఎవరూ అడగకపోయినా మూడుసార్లు టీ పెట్టాను.

దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర మా అత్తమ్మకూ నాకూ పేచీ వచ్చింది. సత్తుపల్లి దగ్గర మా పుట్టింట్లో అప్పటికే వంటింటి గట్టు ఉండేది. ఇక్కడా ఒకటి వేయిద్దామన్నాను. అత్తమ్మది పినపాక దగ్గర పల్లె. నాకు పాప పుట్టాక మాతో ఉండడానికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కింద కూర్చుని వండిన మనిషి.

"నిలబడి వండుడేంది? అన్నం ఉడికేదాంక కాళ్లు గుంజవా?" అంది.

"కింద పెడితే పాప చెయ్యి పెడుతుంది కదా అత్తమ్మా."

"నేర్పుదాం బిడ్డా. నలుగురిని పెంచిన. ఒక్కరికి కూడ కాలలే."

నాకు ఒళ్లు మండింది. కానీ నలుగురిని పెంచిన మనిషి ముందు ఒక్క పిల్ల తల్లి ఏం మాట్లాడుతుంది? హీటర్ పాత పొయ్యి చోటే నేల మీదికి చేరింది. పొద్దున్నే దాని చుట్టూ తడిగుడ్డతో తుడిచి, చిన్న ముగ్గు కూడా పెట్టేది అత్తమ్మ. కరెంటుకు ముగ్గేమిటని మా ఆయన నవ్వితే, పొయ్యి పొయ్యే కదా అనేది.

ఆమె నేర్పే పద్ధతి వాళ్ల ఇళ్లల్లో తరతరాలుగా ఉన్నదే. పాకే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ అరచేతిని వేడి తగిలేంత దూరంలో నిప్పుకు చూపించి "చుర్రు" అనడం. రోజూ అలాగే. అత్తమ్మ ఎర్రటి తీగకు చూపించి అదే చేసింది. పది రోజులు తిరిగేసరికి మా పాప హీటర్ వెలగగానే చెయ్యి వెనక్కి లాక్కుని "చుల్లు" అంది.

మా ఇంట్లో పండగే అనుకోండి. అమ్మ అనలేదు, అత్త అనలేదు, మొదటి మాటే చుర్రు. అంత గట్టిగా పేచీ పెట్టుకున్న నేనే పక్క క్వార్టర్ల వాళ్లందరినీ పిలిచి చూపించాను. ఎవరు వచ్చినా స్విచ్ వేయడం, పాప చేత అనిపించడం, అందరూ పకపకా నవ్వడం. పాపకూ హుషారు. అత్తమ్మ అయితే నా వంక చూసి కళ్లెగరేసేది.

ఒక ఆదివారం బూర్గంపాడు నుంచి మా ఆడపడుచు వచ్చింది. టీ పెట్టాం. పాప ఆట కూడా అయింది. స్విచ్ తీసేసి, గ్లాసులు పట్టుకుని వంటింట్లోనే చాప మీద కూర్చున్నాం. అత్తమ్మ హీటర్ పక్కన, మేం ఇద్దరం ఎదురుగా. పాప గోడ పట్టుకుని నిలబడి ఉంది. పదమూడో నెల వచ్చినా ఇంకా అడుగు వేయలేదని నాకు లోపల దిగులు. మాటల మధ్యలో చూస్తే గోడ వదిలేసింది. తూలుతూ ఒక అడుగు వేసింది.

"వదినా, నడుస్తున్నది సూడు" అంది ఆడపడుచు.

నేను గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాను. రెండో అడుగు. మా ఆయన బయటి నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి తనూ చప్పట్లు. మూడో అడుగు. రా తల్లీ, రా అని చేతులు చాచాను. ఆ సంబరం ఈ రోజుకీ నా ఒంట్లో ఉంది. నాలుగో అడుగుకు గానీ నాకు తెలియలేదు, అది నా వైపు రావడం లేదు. నల్లగా, మెలికలు మెలికలుగా బొమ్మలా కనిపిస్తున్న తీగ వైపు పోతోంది. స్విచ్ తీసేసి నిండా రెండు నిమిషాలు కాలేదు. పాప ముందుకు తూలి చెయ్యి చాచింది.

పక్కనే ఉన్న అత్తమ్మ తన కుడిచేతిని దానికీ హీటర్‌కూ మధ్య దూర్చింది. పాప చెయ్యి ఆమె చేతి మీద పడింది. ఆమె అరచెయ్యి తీగ మీద పడింది. పిల్లను ఎడమచేత్తో పక్కకు నెట్టేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

నేను ఆమె చేతిని నీళ్ల బకెట్లో ముంచి పట్టుకున్నాను. ఆడపడుచు సిరా పూద్దామంది, వద్దన్నాను. చాలాసేపటికి దవాఖానాకు తీసుకుపోతే నర్సమ్మ కూడా నీళ్లే మంచిదంది. ఇంతలా ఎట్లా కాలిందమ్మా అని అడిగింది. అత్తమ్మే చెప్పింది.

"నా పొయ్యిల నిప్పు మీద నీళ్లు సల్లినంక నల్లగైతది. నల్లగైనదంటె సల్లారినట్టే. పిల్లకు గూడ గట్లనే నేర్పిన. ఎర్రగుంటెనే సుర్రు అని. అది నేను నేర్పినట్టే నడిసింది."

నాకు ఏడుపు ఆగలేదు. స్విచ్ వేసి చూపించి నవ్వినదాన్ని నేను కూడా.

చేతి కట్టు విప్పకముందే అత్తమ్మ గట్టు కట్టడానికి మేస్త్రీని పిలిపించింది. నేను పిలవలేదు, ఆమే. ఇటుకలూ బండా రావడంతో ఇల్లంతా హడావుడి. అత్తమ్మ చంకలో పాప, నోట్లో జల్దీ జల్దీ అన్న మాట. పాపను గోడకు ఆనించి నిలబెట్టి, చేతులు పైకెత్తించి, ఆ వేళ్లకు జానెడు పైన బొగ్గుతో గీత గీయించింది. మళ్లీ ఆలోచించి, పిల్ల పెరుగుతది కదా అని ఇంకో జానెడు పైకి జరిపించింది.

మేస్త్రీ టేపు పట్టి చూసి తల గోక్కున్నాడు. "గింత ఎత్తయితే నీకే అందదమ్మా. నువ్వే పొట్టిగున్నవ్."

"అవ్, నాకెందుకు అందాలె? పిల్లకు అందొద్దు" అంది అత్తమ్మ.

ఆ గట్టు అలాగే లేచింది. నాకు భుజాల దాకా వచ్చేది. అత్తమ్మ పీట వేసుకుని, దాని మీద నిలబడి వండేది. వంట అయిన మరుక్షణం ఆ పీట పాప ఎక్కకుండా తీసి గోడ మేకుకు తగిలించేది. పీట ఎక్కినా గిన్నెలోకి చూపు అందేది కాదు. కూర వేగిందో లేదో చప్పుడును బట్టి, వాసనను బట్టి తెలుసుకునేది. మేం ఆ క్వార్టర్ ఖాళీ చేసేదాకా, ఏడేళ్లు, తను వండే కూరను పొయ్యి మీద ఉండగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.