అత్త మాట మీద వేరే గొంతు

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీలో ఐదు నిమిషాల వీడియోల పోటీ పెట్టారు. ఆ రోజుల్లో విజయనగరంలో చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ డైరెక్టరే. మా క్లాసులో సగం మంది ప్రేమకథలు తీస్తున్నారు. నేను మా మేనత్తను తీయాలనుకున్నాను.

అత్తది సముద్రం ఒడ్డున మా ఊరే. పొద్దున పడవలు రాగానే గంప ఎత్తుకుని, బస్సెక్కి నెల్లిమర్ల వెళ్లి, జూట్ మిల్లు చుట్టుపక్కల వీధుల్లో చేపలు అమ్మేది. ఆమె కబుర్లకు బస్సులో కండక్టరు కూడా టికెట్లు కొట్టడం ఆపి నవ్వేవాడు. అలాంటి మనిషి, నేను ఫోను ఎత్తి పట్టగానే కొయ్యబారిపోయేది. "ఏటి సెప్పమంటావురా అల్లుడా" అని అడిగి, ఇంకేమీ మాట్లాడేది కాదు.

మొదటి ఆదివారం ఒడ్డున తీసినదంతా గాలి పాలైంది. ఇంటికొచ్చి చూస్తే అత్త పెదవులు కదులుతున్నాయి, వినిపించేది రొద ఒక్కటే. తర్వాతి వారం ఎండ ఆమె వెనక పడి ముఖం నల్లగా వచ్చింది. ఇంకోసారి అంతా కుదిరిందనుకుంటే, వలలు బాగుచేసుకుంటున్న మావలు "మమ్మల్నీ తియ్యరా, మేం పనికిరామేటి" అంటూ వచ్చి అడ్డంగా నిలబడ్డారు. ఫోను విసిరికొట్టాలనిపించింది.

చివరికి పెరట్లో అత్త చేపలు ఎండబెడుతున్నప్పుడు, గోడ చాటున బోర్లించిన గంపకు ఫోను ఆనించి వదిలేశాను. కాసేపటికి దాని సంగతే ఆమె మరిచిపోయింది. మొదటిసారి నెల్లిమర్లలో చేపలు అమ్మబోయిన రోజు గురించి తనంతట తనే మొదలుపెట్టింది.

"పెళ్లైన కొత్తరా. వీధిలోకైతే ఎల్లాను గానీ నోరు పెగల్లేదు. సేపలూ అని అరవాలంటే సిగ్గు. నడిసీ నడిసీ ఓ అరుగు కాడ కూకుండిపోనాను. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఏటమ్మా ఏడుస్తన్నావు అంది. అరవలేక ఏడుస్తన్నానని సెప్పాను. ఆవిడే వీధిలోకొచ్చి నా బదులు అరిసింది. సేప ముట్టని ఇంటి మనిసిరా ఆవిడ."

చెప్పి అత్త పడీ పడీ నవ్వింది. ఒక్క కోత లేకుండా నాలుగు నిమిషాలు. గాలి లేదు, వెలుగు బాగుంది. ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్నవాడు జిల్లాలో లేడు.

కాలేజీ ల్యాబులో మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రమే కంప్యూటరు ఇచ్చేవారు. రెండు క్లిప్పులు అతికేలోపు అది బిగుసుకుపోయేది. వీడియో తయారవుతున్నట్టు చూపే గీత చివరిదాకా వచ్చి ఆగిపోయేది, లేదా కరెంటు పోయేది. వారం రోజులు అన్నం మానేసి ఆ గీత వైపే చూస్తూ కూర్చున్నాను.

పూర్తయ్యాక పోటీ బాధ్యత చూసే లెక్చరరుగారికి చూపించాను. ఆయనది బొబ్బిలి దగ్గర పల్లె.

"బాగా తీశావు. కానీ ఈ యాస ఏమిటయ్యా? జడ్జీలు విశాఖపట్నం నుంచి వస్తున్నారు. కామెడీ అనుకుంటారు. మంచి తెలుగులో డబ్బింగ్ చెప్పించు" అన్నారు.

అంతలో ఆయన ఫోను మోగింది. "వస్తన్నానమ్మా. నాకోసం సూడొద్దు, తినీ" అన్నారు అందులో. ఫోను జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "ఎల్లుండికల్లా కావాలి" అన్నారు.

కాదనాల్సింది. అనలేదు. మా క్లాసులో వార్తలు చదివినట్టు మాట్లాడే అమ్మాయి ఒకామె ఉండేది. ఆమె చేత చెప్పించాను. "వివాహమైన కొత్తలో నేను వీధిలోకి వెళ్లాను. కానీ నా నోట మాట రాలేదు." అత్త పెదవులకూ ఆ మాటలకూ పొంతన కుదరక, ఆమె ముఖం ఉన్నచోటల్లా అలలు, గంపలు, పడవలు పెట్టి కప్పేశాను. ఆ అమ్మాయి గొంతు రికార్డు చేయడానికి ఫోనులో చోటు చాలకపోతే, పెరట్లో తీసిన క్లిప్పును అందులోంచి చెరిపేశాను. ల్యాబులో కాపీ ఉందిగా అనుకున్నాను.

బహుమతి రాలేదు. అలలు బాగా తీశావని ఒక జడ్జీ అన్నాడు. అత్త కథ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ మరుసటి వారమే ల్యాబు కంప్యూటర్లలో ఉన్నవన్నీ చెరిపేసి కొత్తగా సిద్ధం చేశారు. అడగడానికి వెళితే, "ఫైళ్లు తీసుకోమని నోటీసు పెట్టాం కదా" అన్నారు. ఆ నోటీసు నేను చూసుకోలేదు.

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు అత్త వీడియో చూపించమంది. తప్పించుకోలేకపోయాను. ఆమె ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూసింది.

"ఈ మాటలాడతన్నది ఎవులు?"

"మా క్లాసు పిల్ల, అత్తా."

"నా గొంతు బాగునేదేటి?"

"గాలి ఎక్కువైపోయింది. వినిపించలేదు" అన్నాను. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు నామీద నాకే ఒళ్లు మండింది.

"అలాగైతే మళ్లీ సెప్తాను, తియ్యి" అంది అత్త. ముఖం కడుక్కుని, మంచి చీర కట్టుకుని వచ్చి పెరట్లో కూర్చుంది. నేను ఫోను పట్టుకున్నాను.

"వివాహమైన కొత్తలో," అని మొదలుపెట్టింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "నేను వీధిలోకి వెళ్లాను."

ఆపాను. "అలా కాదత్తా. నువ్వు రోజూ ఎలా మాటలాడతావో అలాగే సెప్పు."

"నలుగురూ సూసేది కదరా. బాగుండొద్దా?" అంది.

ఎన్నిసార్లు బతిమాలినా అంతే. నవ్వే చోటు వచ్చినా నవ్వలేదు. తప్పు పలికానేమోనని మధ్యమధ్య నా ముఖంలోకి చూసింది. మొత్తం చెప్పాక, "ఇప్పుడు కుదిరిందా?" అని అడిగింది. కుదిరిందన్నాను. ఆమె లేచి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను ఫోను పట్టుకుని పెరట్లోనే కూర్చుండిపోయాను.