మూడో నంబరు బండ

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే చెప్పడానికి రెండు జవాబులు సిద్ధంగా పెట్టుకునేవాణ్ణి. అడిగేవాళ్ళు లేక రెండూ నా దగ్గరే ఉండిపోయాయి. మొదటిది, ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుని. రెండోది, నిలువెత్తు కొండల మధ్య, నది ఒడ్డున మెలికలు తిరుగుతూ పోయే ముడి చమురు రైళ్ళకు ఫోటోలు తీస్తాను. పటాన్‌చెరు పక్కన నిలువెత్తు కొండలెక్కడివి, నది ఎక్కడిది అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి, అక్కడికే వస్తున్నాను.

చిట్కుల్‌లో ఒక గది, ముగ్గురం కిరాయి. ఒకతను బీహార్, ఒకతను ఒడిశా, నేను గుంటూరు వైపు. ముగ్గురివీ మూడు షిఫ్టులు. నేను వచ్చేసరికి పరుపు వెచ్చగా ఉండేది, పడుకున్న మనిషి మాత్రం ఉండేవాడు కాదు. నెలల తరబడి ఒకే బకెట్టు, ఒకే అద్దం వాడుకున్నాం గానీ దారిలో ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళం కాదేమో. నాకు వారపు సెలవు బుధవారం. లోకమంతా పనిలో ఉండే ఆ రోజున గదిలో కూర్చుంటే ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి వినిపించేది కాదు. అమ్మ ఫోన్‌లో "స్నేహితులయ్యార్రా?" అంటే "బోలెడుమంది" అనేవాణ్ణి. (అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది ఏడుపు గొంతుతో ఆడిన అబద్ధం, అమ్మకి అతకలేదని తర్వాత తెలిసింది.)

అలాంటి ఒక బుధవారం ఫోన్‌లో ఏదో దేశపు ఫోటో కనిపించింది. రెండు పక్కలా ఆకాశాన్ని తాకే రాతిగోడలు, మధ్యలో నది, నది పక్కన నల్లటి చమురు డబ్బాల రైలు. దాన్ని ఎంతసేపు చూశానో నాకే తెలియదు. అంత పెద్ద లోయలో ఆ రైలు కూడా ఒంటరిదే అనిపించింది కాబోలు, నాకు దానితో చుట్టరికం పుట్టింది. పాత మోటారు సైకిలేసుకుని శంకర్‌పల్లి వైపు పట్టాల వెంట వెతికాను. ఒకచోట రైలుదారి కోసం బండను కోసేశారు. పక్కనే ఒక వాగు. నిలబడి చూస్తే ఆ బండ ఇద్దరు మనుషుల ఎత్తు, వెనకాల కోళ్ళఫారం. బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, ఫోన్ నేలకానించి చూస్తే మాత్రం కోళ్ళఫారం మాయమై, బండ కొండైపోయి, వాగు నదైపోయేది. ఆ డబ్బాల్లో ఉన్నది ముడి చమురో, డీజిలో, కిరోసినో నాకు తెలియదు. ముడి చమురంటే గంభీరంగా ఉంటుందని అదే ఖాయం చేసుకున్నాను.

మా ల్యాబ్‌లో ఒక అలవాటు నేర్పారు. ఏ సీసా అయినా సరే, నంబరు వేయకుండా బల్లమీద పెట్టకూడదు. ఆ అలవాటే నా కొంప ముంచింది. ఎక్కడ పడుకుంటే ఏ ఫోటో బాగా వస్తుందో మర్చిపోకుండా, అక్కడి పొలంలో ఉన్న మూడు బండలమీద ఎర్ర రంగుతో ఒకటి, రెండు, మూడు అని రాసి, రైలు వైపు ఒక్కో బాణం గుర్తు వేశాను. రంగు అంటుకోకుండా ఫ్యాక్టరీలో ఇచ్చిన మెరిసే పచ్చ జాకెట్టు వేసుకున్నాను. తలమీద హెల్మెట్టు ఎండకి అలాగే ఉంచాను. ఇంత వేషం కట్టి, మూడో నంబరు బండ పక్కన బోర్లా పడుకుని ఒక కన్ను మూసుకుని ఉండగా, వెనక నుంచి ఎవరో చాలా మర్యాదగా దగ్గారు.

భుజాన తువ్వాలుతో యాభై దాటిన రైతు. చేతిలో నీళ్ళ చెంబు. "ఎప్పటిసంది పండుకున్నరు సారూ ఎండల? ఏమన్న తిన్నరా?" అన్నాడు. చిట్కుల్ వచ్చిన నాలుగు నెలల్లో నన్ను తిన్నావా అని ఎదురుగా నిలబడి అడిగిన మొదటి మనిషి ఆయన. సిగ్గు విడిచి చెబుతున్నాను, దాహం లేకపోయినా ఆ చెంబెడు నీళ్ళూ తాగేశాను.

"గీ ఎర్ర గుర్తులు మీరే ఏసిండ్రా?"

"అవునండీ, నేనే," అన్నాను గొప్పగా.

"గీ బాణం సక్కగ నా మడిలకెళ్ళే వోతున్నది గద సారూ!"

"అటువైపు నుంచే బాగుంటుందండీ."

ఆయన మొహం వాడిపోయింది. "ఖాయమేనా?"

"ఇంకా ఖాయం కాలేదు. మరో రెండు మూడు వారాలు వచ్చి చూడాలి," అన్నాను. ఒక రైతుకి ఫోటోగ్రఫీమీద ఇంత ఆసక్తి ఉన్నందుకు ముచ్చట పడుతూ ఇంటికెళ్ళాను.

మరుసటి బుధవారం ఆయన భార్య కూడా వచ్చింది. జొన్నరొట్టెలు, పుంటికూర (అంటే మా గోంగూరే, కానీ అక్కడ ఆ మాట అనకూడదు) మూట విప్పి, "జెర మా దిక్కు సూడు బిడ్డా," అంది. "జామ మొక్కలు తెచ్చి పదిహేను దినాలాయె. కొత్త రోడ్డు మా మడిలకెళ్ళి వడితే పెట్టి ఏం ఫాయిద? నువ్వే చెప్పాలె, పెట్టాల్నా, వద్దా?" గట్టుమీద చింతచెట్టు నీడలో నల్ల కవర్లలో అరవై జామ మొక్కలు వరసగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, నేను రోడ్డు సర్వేయర్ని! నా బాణం వాళ్ళ భూమిని మింగబోయే కొత్త రోడ్డు!

అప్పుడే కాదని చెప్పేయాలి. నోరు తెరిచాను కూడా. కానీ నోట్లో రొట్టె ఉంది. అది మింగేలోపు బుద్ధి అడ్డం తిరిగింది. చెబితే వచ్చే బుధవారం మళ్ళీ ఫ్యాను చప్పుడే కదా అనిపించింది. "చూద్దాం చిన్నమ్మా," అన్నాను. అలా మరో రెండు బుధవారాలు చూశాను. ఆయన కాకా అయ్యాడు, ఆమె చిన్నమ్మ అయింది, నేను సర్వేరు సాబ్ అయ్యాను. వాళ్ళు బర్రె ఈనిన సంగతి చెప్పేవాళ్ళు, నేను మా ఊరి సంగతులు చెప్పేవాణ్ణి. గట్టుమీద మొక్కలు మాత్రం వారం వారం పసుపెక్కుతున్నాయి. వానాకాలం అయిపోవస్తోంది, ఈ అదను పోతే ఏడాది పోయినట్టే. షిఫ్టులో సీసాలమీద నంబర్లు రాస్తుంటే ఆ ఆకులే కళ్ళముందు ఆడేవి. నా ఒక్కడి తోడు కోసం అరవై మొక్కలు చంపుతున్నానని తెలిసి కూడా రొట్టె తిన్నాను. ఇందులో నవ్వే భాగం లేదు.

ఐదో వారం మొక్కల్లో రెండు పూర్తిగా ఎండిపోయాయి. చిన్నమ్మ వాటిని పక్కకు తీసి పెడుతుంటే ఇక ఉండబట్టలేక హెల్మెట్టు తీసి నేలమీద పెట్టాను. "కాకా, నేను సర్వేయర్ని కాదు. ఫోటోలు తీసుకుంటాను."

"దేనియి?"

"రైళ్ళవి."

కాకా పట్టాలవైపు చూశాడు, నా వైపు చూశాడు. "రైళ్ళకు ఫోటోలెందుకు?"

ఆ దేశపు నదీ లోయ గురించి మొదలుపెట్టి మధ్యలో మానేశాను. "ఏం తోచక కాకా. మాట్లాడే దిక్కు లేక," అన్నాను.

చిన్నమ్మ ఎండిన మొక్కలు కింద పెట్టి అంది, "గా ముచ్చట మొదలే చెప్పాలె గద బిడ్డా. ఫోటోలు తీసేటోనికి మేం బువ్వ పెట్టమా?"

కాకా అంత మెత్తనివాడు కాదు. "నెల దినాలు మొక్కలు ఎండవెడితివి గదరా!" అని లేచాడు. నాలుగు వారాల సారు ఒక్క దెబ్బతో 'రా' అయిపోయాడు. "ఇగ లే! గడ్డపార వట్టు!"

ఆ పూట గుంతలు తవ్వాను. సీసా కంటే బరువైనది ఎత్తి ఎరగని చేతులు, మూడో గుంతకే బొబ్బలెక్కాయి. "గుంత తవ్వమంటే గోరుతో గీకుతున్నవేంది?" అని కాకా, "పోనియ్యి, పోరడు సదువుకున్నోడు," అని చిన్నమ్మ. సరిగ్గా అప్పుడే, వాగు నిండుగా పారుతుండగా, బండమీద ఎర్రటి ఎండ పడుతుండగా, నేను నాలుగు వారాలుగా ఎదురుచూసిన రైలు వచ్చింది. "బిడ్డా, నీ రైలు!" అని చిన్నమ్మ అరిచింది. ఫోన్ జాకెట్టులో ఉంది, జాకెట్టు మూడో నంబరు బండమీద ఉంది, నేను గుంతలో ఉన్నాను. ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం. ఆఖరి డబ్బా దాటాక "యాభై," అన్నాను. "నలభై తొమ్మిది," అన్నాడు కాకా. ఆ తగువు బతికిన మొక్కలన్నీ నాటేదాకా తెగలేదు, ఆ తర్వాత కూడా తెగలేదు.

ఇదంతా జరిగి ఏడెనిమిదేళ్ళు. ఇప్పుడు నేను జిన్నారం వైపు ఇంకో ఫ్యాక్టరీలో పెద్ద కెమిస్టుని, సొంత పరుపు ఉంది, అది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. పోయిన చలికాలం ఒక బుధవారం అటు వెళ్ళాను. పొలంలో ఎవరూ లేరు. కాకా వాళ్ళు ఏదో పెళ్ళికి పోయారట. జామచెట్లు నా తలను మించిపోయాయి. పాత అలవాటుతో మూడో నంబరు బండ పక్కన బోర్లా పడుకుని (మునుపు నేలకు ఛాతీ ఆనేది, ఇప్పుడు పొట్ట ఆనింది) ఒక కన్ను మూశాను. కొండ లేదు, నది లేదు, పట్టాలే లేవు. అంతా ఆకులే. తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఏమిటో యాభై ఎనిమిది సార్లు తవ్వినవాడికి చెప్పనక్కర్లేదు.

బండమీది అంకె మాత్రం నిన్న రాసినట్టు ఎర్రగా ఉంది. కాకాకి ఫోన్ చేసి అడిగాను. "నేనే ఏస్త, ఏడాదికొక్కసారి, నీ లెక్కనే," అన్నాడు. "పొలాలు కొని ప్లాట్లు చేసేటోళ్ళు కార్లేసుకొని వస్తరు గద. గది సూసి రోడ్డుకు సర్వే అయిన జాగ అనుకొని వాపసు వోతరు." ఈ చుట్టుపక్కల నేను వేసిన నంబర్లు లెక్కలేనన్ని. సీసా ఖాళీ కాగానే అన్నీ చెత్తలో పడ్డాయి. ఒక్క ఈ మూడంకెను ఒక మనిషి ఏటేటా దిద్ది పెడుతున్నాడు.

ఇంతలో చెట్ల అవతల రైలు చప్పుడు మొదలైంది. ఫోన్‌లో కాకాకి కూడా వినిపించింది. "నూనె డబ్బాలేనా? లెక్కవెట్టు, లెక్కవెట్టు!" అన్నాడు. ఆకుల వెనక డబ్బాల చప్పుడు లెక్కపెడుతూ ఇరవై దాకా వచ్చి లెక్క తప్పాను.

"ఎన్ని?" అన్నాడు కాకా.

"నలభై తొమ్మిది," అన్నాను.

"నేను ఆనాడే చెప్పిన గద," అన్నాడు.