చూడకుండా చెప్పిన మాట

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే అనుకునేవాణ్ణి. చిన్నదైతే ఏటేటా ఎందుకు బరువెక్కుతుంది? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నేత ఇల్లు. నల్లగొండలో నలభై ఏళ్లు నూలు దుకాణం నడిపాను. రాష్ట్రం వచ్చాక కొందరు వ్యాపారులం కలిసి, కొత్త ఆలోచనలతో వచ్చే పిల్లలకు పెట్టుబడి పెట్టే సంఘం ఒకటి మొదలుపెట్టాం. అందులో ఒక పద్ధతి ఉండేది. ఎవరి వృత్తి సంగతి వస్తే వాళ్లదే చివరి మాట. మిగతావాళ్లు దాటరు.

ఒక ఎండాకాలం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చిట్యాల వైపు నుంచి ఒక నేతకారుని బిడ్డ వచ్చింది. వాళ్ల నాయినకు చూపు మందగించింది. పోగు తెగినా కనబడక నేస్తూ పోతాడు, బట్ట పాడవుతుంది. పోగు తెగగానే బల్బు వెలిగే పరికరం తయారుచేసింది ఆ పిల్ల. బల్ల మీద చిన్న మగ్గం పెట్టి నేసి చూపించసాగింది.

టక్, టక్. నేను మగ్గం పక్కన ఉయ్యాలలో పెరిగినవాణ్ణి. కిటికీలోంచి వెలుతురు నీళ్లలా కదులుతోంది, ఎర్ర నూలు, పసుపు నూలు, నుదుటి మీద ఎవరిదో చెయ్యి, మా అవ్వదేనేమో, గది ఆ చప్పుడు మీద తేలుతూ ఎటో పోతోంది, నేనూ దానితో పోయాను. చప్పుడు ఆగితే మెలకువ వచ్చింది. అందరూ నావైపే చూస్తున్నారు.

"ఏం కాకా, కండ్లు మూసుకోని గంత ఆలోచన జేసినవ్! చెప్పు మరి," అన్నాడు మా అధ్యక్షుడు, రైస్‌మిల్లు ఆయన.

పక్కాయన నవ్వాడు. "కాకా దారం పట్టిండంటే కొస దాక పోతడు తియ్యి."

"బల్బు చూసిండ్రా, తాతా?" అంది ఆ పిల్ల.

"చూసిన బిడ్డా. ఇంక పక్వానికి రాలే."

"ఏడ తక్కువైంది తాతా? చెప్తె సరిజేస్కుంట."

"చేస్కుంట పోతె నీకే ఎరుకైతది."

కునుకు పట్టింది, మళ్లీ చూపించు బిడ్డా అంటే సరిపోయేది. రెండు నిమిషాల పని. ఎందుకు అనలేదు? ముసలితనమని నవ్వుతారనా? ఏ పనీ సగం చేయడన్న పేరు పోతుందనా? ఆమె చిన్న మగ్గాన్ని తువ్వాలలో చుట్టుకుని వెళ్లిపోయింది. పడుచుతనం నుంచి ఒక్క రోజూ తప్పకుండా రాసే డైరీలో ఆ సాయంత్రం, 'పరికరం పరిశీలించాను, ఇప్పుడే పనికిరాదు' అని రాసుకున్నాను. ఎవరూ చదవని డైరీలో కూడా ఆ అబద్ధమెందుకు?

రెండేళ్లకు హైవే మీద ఒక హోటల్లో టోకెన్లు ఇస్తూ కనబడింది. తనే పలకరించింది. నాయిన నేత మానేశాడట. పరికరాన్ని ఎన్నిసార్లు విప్పి చూసినా లోపమెక్కడో దొరకలేదట. మీ కంటికి కనబడింది నాకు కనబడలేదు తాతా, అంది, కోపమేమీ లేకుండా. చాయ్ తాగి వచ్చేశాను. అప్పుడూ చెప్పలేదు.

లోపం నిజంగా ఉందేమో. లేదేమో. ఆమె ఇంకా వెతుకుతోందేమో. ఆ బల్బు వెలిగిందో లేదో నాకు తెలియదు. నేను చూడలేదు, నిద్రపోయాను. ఈ ముక్క ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను.