సారు సెలవుల ఉన్నరు

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నప్పుడు డాక్టరు, "కుర్చీలో కూర్చునే ఉద్యోగమేగా, మూడు వారాల సెలవు చాలు" అన్నాడు. ఆయనదేం పోయింది, ఎన్నైనా చెప్తాడు. అద్దంలో నా చొక్కా తొడుక్కుని నిలబడ్డ మనిషికి అలవాటు పడలేక నేను రెండు నెలలు తీసుకున్నాను.

నాగర్‌కర్నూల్‌లో మా ఆఫీసు మేడ మీద ఉంటుంది. నేను మెట్లెక్కుతుంటే నా ఆయాసం నాకంటే ముందే పైకి చేరేది. చూపు మందగించిన మా ముసలి అటెండరు ఆ చప్పుడు విని, నేను వచ్చేలోగా బల్ల మీద గ్లాసుతో నీళ్లు పెట్టేవాడు.

మళ్లీ డ్యూటీలో చేరిన రోజు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేశాను. తలుపు దగ్గర స్టూలు మీదున్న అటెండరు తలెత్తాడు.

"ఉప్పునుంతలకెల్లి సారును కలవనీకి ఎవరో వస్తరన్నరు, నువ్వేనా? సారు లేరు, సెలవుల ఉన్నరు."

ఒళ్లు తగ్గాక నా గొంతు కూడా సన్నబడింది. "ఎప్పుడొస్తారు?" అన్నాను.

"తెల్వదు. ఆయన మెట్లెక్కితే నాకు ఇనపడ్తది. జర గా బెంచీ మీద కూసో."

ఆ సారును నేనేనని చెప్పొచ్చు. చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని, నేను కూడా మెట్ల వైపే చెవి పెట్టాను.